బండిచక్రం మీద కొవ్వొత్తులు

డిసెంబరులో ఏ ఆదివారమైనా ఒక కతోలిక దేవాలయంలోకో లూథరన్ చర్చిలోకో వెళ్లి చూడండి. చాలాచోట్ల పీఠం పక్కన పచ్చని ఆకులు చుట్టిన గుండ్రటి వలయం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు కనిపిస్తాయి. మొదటి ఆదివారం ఒకటి వెలుగుతుంది, రెండో ఆదివారం రెండు. క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ వెలుతురు పెరుగుతుంది. అర్థమేమిటని సండేస్కూలు పిల్లవాణ్ణి అడిగితే గడగడా అప్పజెబుతాడు: వలయానికి మొదలూ తుదీ లేవు కాబట్టి అది దేవుడి నిత్యత్వం, వాడని ఆకులు నిత్యజీవం, నాలుగు కొవ్వొత్తులు వరసగా నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ. ఈ పేర్లు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా ‘పూర్వం నుంచీ ఉన్నదే’ అని తేల్చేస్తారు.

ఆ పూర్వం ఎంత పూర్వం? వలయం వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. దాని మీద మనం ఎక్కించిన అర్థాల వయసు ఇంకా తక్కువ. అది ఏ వేదాంతి ఆలోచనలోనూ పుట్టలేదు. పండుగ ఎప్పుడొస్తుందని ప్రాణం తీసే పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పుట్టింది.

ముందు కాలం సంగతి చెప్పుకోవాలి, దీపం సంగతి తర్వాత. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. లాటిన్‌లో ‘అద్వెంతుస్’ అంటే రాక. రోమన్లు చక్రవర్తి ఒక నగరంలోకి అట్టహాసంగా ప్రవేశించడాన్ని ఆ మాటతోనే పిలిచేవారు. క్రైస్తవులు దాన్ని పశువుల తొట్టిలో పడుకోబెట్టిన పసిబిడ్డ రాకకు వాడుకున్నారు. అయితే మొదట్లో ఈ కాలంలో పండుగ వాతావరణం ఏమీ లేదు. 5వ శతాబ్దిలో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని తూర్ పట్టణపు బిషప్ పెర్పెట్యువస్, నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలన్నాడు. 6వ శతాబ్ది చివర మాకాన్‌లో జరిగిన సభ ఆ నియమాన్ని విస్తరించింది. అంటే ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలానికి ఇది చలికాలపు తోబుట్టువు. రోములో ఇంత కఠినం లేదు. 590 నుంచి 604 దాకా పోపుగా ఉన్న మహా గ్రెగొరీ నాటికి నాలుగు ఆదివారాల పద్ధతి కుదురుకుంది. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం ఈనాటికీ నవంబరు 15 నుంచి నలభై రోజులు ఉపవాసం పాటిస్తాయి.

ఈ పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో వలయం ఊసు ఎక్కడా లేదు. దీపాలు ఉన్నాయి. ఆల్ప్స్ పర్వత గ్రామాల్లో ఆగమన కాలంలో తెల్లవారకముందే, చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకుని మంచులో నడిచి వెళ్లి పూజలో పాల్గొనేవారు. కాని వారానికొకటి చొప్పున వెలిగించే కొవ్వొత్తులు, వాటికో చక్రం? దాని కోసం 19వ శతాబ్దపు హాంబర్గ్‌కు వెళ్లాలి.

ఎల్బె నది మీద పెద్ద రేవుపట్నం హాంబర్గ్. ఓడల డబ్బు ఒకవైపు, ఇరుకు సందుల దరిద్రం మరోవైపు. యోహాన్ హిన్రిష్ విషెర్న్ 1808లో అక్కడే పుట్టాడు. పదిహేనో ఏట తండ్రి పోయాడు. ఇంటికి పెద్దకొడుకు కనుక ట్యూషన్లు చెప్పి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ నెట్టుకొచ్చాడు. గొట్టింగెన్‌లో, బెర్లిన్‌లో దైవశాస్త్రం చదివి సొంతూరు తిరిగొచ్చి, సెయింట్ జార్జ్ పేటలోని ఒక సండేస్కూలులో పనికి కుదిరాడు. ఆదివారం పాఠానికి వచ్చే పిల్లలు సోమవారం ఏం తింటారో, ఎక్కడ పడుకుంటారో చూద్దామని వాళ్ల ఇళ్లకు వెళ్లాడు. చూసినదేమిటో రాసిపెట్టుకున్నాడు. ఇలాంటి పిల్లల్ని జైలులాంటి అనాథాశ్రమంలో కుక్కితే బాగుపడరని ఆయనకు తోచింది.

1833లో, ఊరి బయట హార్న్ అనే గ్రామంలో, నగరపు పెద్దలలో ఒకరైన కార్ల్ సీవెకింగ్ ఇచ్చిన స్థలంలో ఒక పాత ఇంట్లో ‘రౌహెస్ హౌస్’ మొదలైంది. మాటకు మాట అర్థం చెబితే మొరటు ఇల్లు. ఏడాది చివరికి పన్నెండు మంది పిల్లలు చేరారు. ఆ పిల్లల్ని వార్డులుగా కాక కుటుంబాలుగా పెంచాలన్నది విషెర్న్ పద్ధతి. పది పన్నెండు మంది పిల్లలు ఒక ఇంట్లో, వాళ్లతోపాటు అన్నలా ఒక యువకుడు. చదువు, వడ్రంగం, అచ్చుపని, తోటపని. ఆ అన్నలకు ఇచ్చిన శిక్షణే తర్వాత జర్మనీలో ప్రొటెస్టంట్ సేవాసంస్థలకు పునాది అయింది. 1848లో విట్టెన్‌బర్గ్ సభలో ఆయన చేసిన ప్రసంగంతో ‘ఇన్నర్ మిషన్’ అనే ఉద్యమం దేశమంతటా రూపుకట్టింది. జర్మనీలో ఈనాడు ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు నడిపే ‘డియాకొనీ’ దాని వారసురాలు. ఇంత పని చేసిన మనిషి పేరు ఇవాళ మామూలు జర్మన్‌కు గుర్తుండేది ఒక బండిచక్రం వల్లనే అంటే నవ్వొస్తుంది.

ఆ చక్రం కథ ఇలా చెబుతారు. డిసెంబరు వచ్చిందంటే పిల్లలు రోజూ ఒకటే ప్రశ్న: క్రిస్మస్ ఇంకెన్నాళ్లు? అమ్మానాన్నా, పండుగా, కొత్తబట్టా ఎరగని పిల్లలు వాళ్లు. వాళ్లకు తేదీల లెక్క చెబితే బుర్రకెక్కదు, కంటికి కనబడాలి. 1839లో విషెర్న్ పాత బండిచక్రంతో పెద్ద కొయ్య వలయం ఒకటి చేయించి ప్రార్థన గదిలో వేలాడదీశాడు. దాని మీద నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, ఇరవై చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించడం, దాంతోపాటు ఓ వాక్యం, ఓ పాట. ఆదివారం తెల్లది, మామూలు రోజుల్లో ఎర్రది. లెక్క సరిచూసుకోండి: ఆ ఏడాది ఆగమన కాలపు తొలి ఆదివారం డిసెంబరు 1న పడింది. ఆ రోజు నుంచి 24 దాకా ఇరవై నాలుగు రోజులు. అందులో ఆదివారాలు నాలుగు, మిగిలినవి ఇరవై. చక్రం అంటే అచ్చంగా ఒక క్యాలెండరు. ఎన్ని వెలిగాయో చూస్తే ఎన్ని రోజులు గడిచాయో తెలుస్తుంది, ఎన్ని మిగిలాయో చూస్తే ఎన్నాళ్లు ఆగాలో తెలుస్తుంది. పనిలో పనిగా కూడికలూ తీసివేతలూ వచ్చేస్తాయి.

చూశారా, ఇందులో నిత్యత్వం లేదు, నిత్యజీవం లేదు. చక్రం గుండ్రంగా ఉన్నది బండిచక్రం కాబట్టి. పచ్చని ఆకులు కూడా మొదట్లో లేవు, ఫర్ కొమ్మలు చుట్టడం 1860 ప్రాంతంలో వచ్చింది. జర్మన్ ఇళ్లలోకి క్రిస్మస్ చెట్టు వచ్చి స్థిరపడుతున్న రోజులవి. చెట్టుకు కట్టే కొమ్మ చక్రానికీ ఎక్కింది.

కొవ్వొత్తుల ఖర్చు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆచారాల చరిత్ర రాసేవాళ్లు తరచూ మరిచిపోయేది ధర. తేనెమైనపు కొవ్వొత్తి గుడికీ గొప్పవాళ్లకీ. పేదవాడి ఇంట్లో వెలిగేది పశువుల కొవ్వుతో చేసినది, పొగా కంపూ దాని సొత్తు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ కొవ్వు గుట్టు విప్పి, 1825లో గే లుసాక్‌తో కలిసి స్టియరిన్ కొవ్వొత్తికి పేటెంటు తీసుకున్నాడు. 1830లలో అది బజారుకొచ్చింది. 1850ల తర్వాత పారఫిన్ మైనం తోడయ్యాక కొవ్వొత్తి సామాన్యుడి సరుకు అయింది. వంద ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఏ అనాథ పిల్లల ఆశ్రమమూ నెలకు ఇరవై నాలుగు కొవ్వొత్తులు సరదాగా కాల్చగలిగేది కాదేమో. అంత పెద్ద చక్రం మామూలు ఇంటి పైకప్పుకు వేలాడదు కూడా. అందుకే ఇళ్లలోకి వచ్చేటప్పుడు ఎర్రవి రాలిపోయి ఆదివారాల నాలుగూ మిగిలాయి. ఆచారం చిక్కిపోయింది కాబట్టే ప్రపంచమంతా చుట్టింది.

చుట్టడం కూడా గబుక్కున జరగలేదు. ఉత్తర జర్మనీ ప్రొటెస్టంట్ పట్నాల్లో, అదీ ఆసుపత్రులు, బడులు, ఆశ్రమాలు వంటి చోట్ల నెమ్మదిగా పాకి, 20వ శతాబ్ది మొదటి భాగంలోనే ఇళ్లలోకి వచ్చింది. దక్షిణాది కతోలిక ప్రాంతాలకు ఇది మొదట ప్రొటెస్టంటుల వ్యవహారం. కొలోన్‌లో ఒక కతోలిక చర్చిలో తొలిసారి 1925లో వేలాడిందనీ, మ్యూనిక్‌కు 1930లో చేరిందనీ అంటారు. జర్మన్ జానపద విజ్ఞాని హెర్మన్ బౌసింగర్ ఈ వలయాన్నే ఉదాహరణగా తీసుకుని, ఎంతో పాతగా కనిపించే ఆచారం ఎంత కొత్తది కావచ్చో చూపించాడు. 1930లలో వలయం జర్మన్ వలసల వెంట అమెరికాకు వెళ్లింది. ఇంగ్లండులో చాలామంది పిల్లలకు దీన్ని పరిచయం చేసింది చర్చి కాదు, టెలివిజన్. 1960లలో బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ చొక్కాలు తగిలించే ఇనుపతీగ హ్యాంగర్లతో ఆగమన కిరీటం ఎలా చేయాలో చూపించింది. విషెర్న్ ఉండి ఉంటే మెచ్చుకునేవాడు. అతనిది పాత బండిచక్రం, వీళ్లది పాత హ్యాంగరు.

కొత్త ఆచారానికి పాత గోత్రం అంటగట్టడం అన్నిచోట్లా ఉన్న జబ్బే. ఆగమన వలయం క్రైస్తవానికి ముందటి జర్మన్ తెగల సూర్యచక్రమనీ, చలికాలంలో సూర్యుణ్ణి తిరిగి పిలవడానికి చక్రాలకు నిప్పు పెట్టి దొర్లించేవారనీ పుస్తకాల్లో నేటికీ కనిపిస్తుంది. చలిదేశాల్లో డిసెంబరు చీకటికి భయపడి మనిషి దీపం వెలిగించాడన్నది నిజమే కావచ్చు. కానీ ఆ పాత నిప్పు నుంచి హార్న్ ప్రార్థన గది దాకా తెగకుండా వచ్చిన దారం ఒక్కటీ దొరకలేదు. ఈ సూర్యచక్రం వాదానికి ఇంకో వాడుక కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. క్రీస్తు పుట్టుక స్థానంలో శీతాకాలపు అయనాంతాన్ని కూర్చోబెట్టాలని చూసిన నాజీలు ఆగమన వలయానికి అయనాంతపు వలయమని పేరు మార్చి, సూర్యుడి గుర్తులు తగిలించబోయారు. హిమ్లర్ తన ఎస్‌ఎస్ మనుషులకు ‘యూల్ దీపం’ అనే మట్టి దీపస్తంభాన్ని కానుకగా పంచేవాడు. దాన్ని తయారుచేసిన ఆలాహ్ కార్ఖానాలో డాహౌ నిర్బంధ శిబిరపు ఖైదీల చేత చాకిరీ చేయించారు. దిక్కులేని పిల్లల కోసం పుట్టిన దీపాన్ని దొంగిలించబోయినవాళ్ల దీపం ఎవరి చేతులతో తయారైందో చూడండి. 1943 జులైలో హాంబర్గ్ మీద పడిన బాంబులకు రౌహెస్ హౌస్ భవనాలు చాలావరకు నేలమట్టమయ్యాయి. నాజీల పేరుమార్పిడి కూడా నిలవలేదు.

ఇక అర్థాల సంగతి. జర్మనీలో ఇప్పటికీ నాలుగు కొవ్వొత్తులూ ఎర్రగా ఉండడం మామూలు. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో రంగు అన్నది ప్రధానంగా చర్చి పూజాపద్ధతి వలయాన్ని తనలో కలుపుకున్నాక వచ్చింది. ఆగమన కాలంలో గురువులు వేసుకునేది ఊదా రంగు వస్త్రం, అది పశ్చాత్తాపానికి గుర్తు. కాబట్టి కొవ్వొత్తులు మూడు ఊదా. నాలుగోది గులాబీ, దాన్ని మూడో ఆదివారం వెలిగిస్తారు. ఆ ఆదివారానికి ‘గౌదెతె’ అని పేరు. లాటిన్‌లో ఆనందించండి అని అర్థం, ఆనాటి పూజ ఆ మాటతో మొదలవుతుంది. ఉపవాసం మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోమన్నమాట. ఈస్టరుకు ముందటి శ్రమల కాలంలోనూ ఇలాంటి గులాబీ ఆదివారం ఒకటుంది. పేర్లకూ ఒకే పట్టీ లేదు. ఒకచోట నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అంటే మరోచోట ప్రవక్తలు, బేత్లెహేము, గొల్లలు, దూతలు అంటారు. కొన్ని లూథరన్, ఆంగ్లికన్ చర్చిల్లో ఊదా బదులు నీలం. నడిమధ్య అయిదో కొవ్వొత్తి, తెల్లది, క్రీస్తు పేరున క్రిస్మస్ నాడు వెలుగుతుంది.

ఇలా తర్వాత చేర్చిన అర్థాలు అబద్ధాలని నేను అనను. వేలాడే వస్తువుకు అర్థం ఎక్కించడం భక్తుడి హక్కు. తెలుగులో అయితే మొదటి కొవ్వొత్తికి తగిలిన పేరు ఒక అదృష్టం. ఇంగ్లీషు ‘హోప్’కు తెలుగు బైబిలు వాడిన మాట నిరీక్షణ. చర్చి బయట అదే మాటకు అర్థం ఎదురుచూపు. బస్టాండులో చేసేదీ నిరీక్షణే, పరలోకం కోసం చేసేదీ నిరీక్షణే. ఇంకెన్నాళ్లని అడిగిన ఆ పిల్లల మనసులో ఉన్నది రెండర్థాలూ కలిసిన ఈ ఒక్క మాటే. జర్మన్‌లో రెండు పదాలు కావలసినదాన్ని మన అనువాదకులు తెలిసో తెలియకో ఒకదానిలో పట్టేశారు.

ఈ వలయానికి దాయాదులు చాలామంది. విచిత్రంగా అందరిళ్లలోనూ పిల్లలే ముందుంటారు. 1747లో జర్మనీలోని మరియెన్‌బార్న్‌లో, మొరేవియన్లు అనే ప్రొటెస్టంట్ శాఖకు చెందిన బిషప్ యోహాన్నెస్ డి వాటెవిల్ క్రిస్మస్ ఆరాధనకు వచ్చిన పిల్లలకు ఎర్ర రిబ్బను చుట్టిన చిన్న కొవ్వొత్తి ఒక్కొక్కటి ఇచ్చాడు. అదే తర్వాత నారింజపండులో గుచ్చిన ‘క్రిస్టింగిల్’ అయింది. 1968లో ఇంగ్లండులో చిల్డ్రన్స్ సొసైటీ తరఫున జాన్ పెన్సమ్ దాన్ని మళ్లీ ప్రచారంలోకి తెచ్చాడు. మొరేవియన్లదే ఇంకొకటి, అనేక మొనలున్న కాగితపు నక్షత్రం. 19వ శతాబ్ది తొలి భాగంలో నీస్కీలోని వాళ్ల బడిలో రేఖాగణితం పాఠంలో పుట్టిందది. స్వీడన్‌లో డిసెంబరు 13 సెయింట్ లూసియా రోజు. పాత జూలియన్ పంచాంగంలో ఒకప్పుడు ఏడాదిలో అతి పొడవైన రాత్రి దాని దరిదాపుల్లోనే పడేది. తెల్లబట్టలు కట్టి దీపాలతో వచ్చే లూసియా గురించి తొలి రాత ఆధారం 1764 నాటిది. 1927లో స్టాక్‌హోమ్ పత్రిక ఒకటి లూసియా పోటీ పెట్టాక ఊరూరా ఊరేగింపు అయింది. అక్కడి కిటికీల్లో వెలిగే ఏడు బల్బుల త్రికోణపు దీపం మరీ నవీనం, 1930లలో గోథెన్‌బర్గ్ ఫిలిప్స్ గోదాములో పనిచేసే ఆస్కార్ ఆండర్సన్ ఊహ. ముట్టించే పని కూడా లేదు, ప్లగ్గు పెడితే చాలు.

మన దగ్గరకు వద్దాం. గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్, జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి అమెరికా వెళ్లినవాడు. 1840లలో రాజమండ్రికి మనుషుల్ని పంపిన నార్త్ జర్మన్ మిషనరీ సొసైటీ అయితే ఏకంగా హాంబర్గ్‌లోనే, 1836లో పుట్టింది. 1860లలో నెల్లూరు, తిరుపతి వైపు వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ కూడా ఉత్తర జర్మనీదే. చక్రమూ తెలుగు లూథరన్ సంఘమూ దాదాపు ఒకే దశాబ్దంలో, ఇంచుమించు ఒకే గాలిలో మొదలయ్యాయి. కానీ ఆ రోజుల్లో చక్రం ఇంకా హార్న్ ఆవరణ దాటలేదు. అందుకే ఆ పెట్టెల్లో బైబిళ్లు వచ్చాయి గాని వలయం రాలేదు. మనకది చాలా తర్వాత, పూజాపద్ధతి పుస్తకాలతోనూ పాశ్చాత్య చర్చిల పరిచయంతోనూ అందింది. ఈనాటికీ బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో అత్యధికం ఆగమన కాలాన్నే పాటించవు. అక్కడ డిసెంబరు అంటే సెమీ క్రిస్మస్. ఎదురుచూడవలసిన నెలలోనే ఆఫీసులోనూ అపార్టుమెంటులోనూ కాలేజీలోనూ కేకు కోసి పండుగ కానిచ్చేయడం తెలుగువాళ్ల సొంత ఆవిష్కరణ. విషెర్న్ పిల్లలకు తెలిస్తే ఆ చక్రంతో పనే ఉండేది కాదు.

ఇంట్లో విషెర్న్ చక్రం లాంటిది చేసుకోవాలనుకునేవారికి లెక్క చెబుతాను. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం నుంచి మొదలుపెట్టాలి. అది నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య ఎప్పుడైనా పడవచ్చు. పెద్దవి ఎప్పుడూ నాలుగే. చిన్నవి ఏడాదిని బట్టి మారతాయి: క్రిస్మస్ సోమవారం వస్తే పద్దెనిమిది చాలు, ఆదివారం వస్తే ఇరవై నాలుగు కావాలి. ఫర్ కొమ్మ మన దగ్గర దొరకదు గనుక కోస్తాలో సరుగుడు కొమ్మ వాడతారు. కోసి నాలుగు రోజులైతే అది ఎండుగడ్డితో సమానం. ఆకును వత్తికి బెత్తెడు దూరంలో పెట్టండి, వెలిగించినంతసేపూ పెద్దవాళ్లొకరు గదిలో ఉండండి. అగ్గిపుల్ల మాత్రం పిల్లల చేతికివ్వండి.